తొమ్మిదో తరగతిలో ఏకగ్రీవం

ప్రసన్నకుమారి మేడమ్ పొద్దున్నే స్కూలుకొచ్చి చేసే మొదటి పని పాఠం చెప్పడం కాదు, ఫోన్‌కి మొహం చూపించడం. హాజరు యాప్ తనని గుర్తుపట్టేదాకా అలా నిలబడాలి. తణుకు నుంచి కాలవ గట్టు మీద స్కూటీలో దుమ్ము కొట్టుకుపోయి వచ్చిన ఆ మొహాన్ని యాప్ ఒక్కోసారి ఒప్పుకోదు. "నేనేనమ్మా, నేనే" అని ఫోన్‌ని బతిమాలుతుంది ఆవిడ. అదయ్యాక పిల్లల హాజరు, కోడిగుడ్ల లెక్క, ఆడపిల్లల బాత్రూం ఫొటో. ఆ ఫొటో ఆయమ్మ తడిగుడ్డ పెట్టిన మరుక్షణమే తియ్యాలి, కాస్త ఆగితే ఇక పంపడానికి పనికిరాదు. ఇవన్నీ అయ్యాక ఒంట్లో ఏమైనా మిగిలితే దాంతో సోషల్ చెప్పాలి.

చినగరువు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆవిడ సోషల్ టీచరు. సోషల్ అంటే అందరికీ లోకువే. సిలబస్ వెనకపడ్డ ప్రతి మాస్టారి కన్నూ సోషల్ పీరియడ్ మీదే పడుతుంది. "మీదేముందండి మేడమ్, పిల్లలు చదివేసుకుంటారు" అని నవ్వుతూనే పీరియడ్ పట్టుకుపోతారు. పదో తరగతి ఫలితాల్లో సోషల్ ఎవడైనా తప్పాడా, అదే మాస్టార్లు స్టాఫ్ రూమ్‌లో ఆవిడ వైపు అదోలా చూస్తారు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ చూపుకీ అలవాటు పడిపోయింది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. ఆవిడ తండ్రి సామ్యేలు మాస్టారు లూథరన్ మిషన్ బడిలో పనిచేశాడు. బల్ల మీద ఇసక పోసి, వేలితో గోదావరి పాయలు గీసి, చెంబుతో నీళ్లు వదిలి, ఏ పాయ ఏ ఊరికి పోతుందో పిల్లల చేత చెప్పించేవాడు. కూతురికి ఆ పిచ్చి అంటుకుంది. తొలి పోస్టింగ్ ఒక లంకలో. రోజూ పడవ దాటి వెళ్లేది. ఆ లంక పిల్లలకి పటం చూడడం నేర్పడానికి వాళ్ల ఊరి పటమే గీయించింది. ఎవరింటి దగ్గర మొదలుపెట్టాలన్న దాని మీద పిల్లలు కొట్టుకున్నారు కూడా. తర్వాత బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ పిల్లల్ని వెంటేసుకుని కాలవ లాకుల దగ్గరికి, పంచాయతీ ఆఫీసుకి, రేషన్ షాపుకి తీసుకెళ్లేది. లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరుని పిల్లలు ప్రశ్నలేసి చంపుకు తింటుంటే గట్టు మీద నిలబడి మురిసిపోయేది.

ఇప్పుడు పిల్లల్ని గేటు దాటించాలంటే ముందు పర్మిషన్, తర్వాత ఫొటోలు, ఆ తర్వాత నివేదిక. ఒకటి రెండుసార్లు ప్రయత్నించి ఊరుకుంది. మోకాళ్లు కూడా సహకరించడం లేదు. రిటైర్మెంట్ కూడా దగ్గరికొచ్చేసింది. పాత సరదాల్లో ఒక్కటి మాత్రం వదల్లేదు. ఏటా తొమ్మిదో తరగతికి ఎన్నికల పాఠం వచ్చినప్పుడు క్లాసు లీడర్ పదవికి నిజం ఎన్నిక పెట్టేది. నామినేషన్లు, గుర్తులు, ప్రచారం, బ్యాలెట్, వేలికి సిరా, అన్నీ పద్ధతి ప్రకారం. పోలింగ్ డ్యూటీలు చేసి చేసి ఆ తంతంతా ఆవిడకి కంఠతా వచ్చు. చార్టుల చాటున నిలబడి చీటీ మీద గీత పెట్టే ఆ ఒక్క క్షణం పిల్లల మొహాలు మారిపోతాయి. వాళ్లనెవరూ ఏమీ అడగని, ఎవరూ చూడని క్షణం అది. ఆ మొహాలు చూసినప్పుడే తను టీచర్నని ఆవిడకి గుర్తొచ్చేది. ఇదీ పోతే ఇక తను యాప్‌లు నింపే గుమస్తాయే అని ఆవిడ భయం.

ఆ ఎన్నిక సంగతి ఏళ్ల తరబడి ఆ నాలుగు గోడల మధ్యే ఉంది. బయటపడింది రాజమండ్రి శిక్షణలో. ఆ శిక్షణల గురించి చెప్పాలంటే మనకి ఓపిక కావాలి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన వాళ్లని వరసగా నిలబెట్టి కొత్తరకం చప్పట్లు నేర్పిస్తారు. గ్రూపులు చేసి నదుల పేర్లు పెట్టుకోమంటారు. గోదావరి పేరు కోసం ప్రతిసారీ రెండు గ్రూపులు తగువు పడతాయి. చార్టులు, స్కెచ్ పెన్నులు, ఫొటో, భోజనం, మళ్లీ చార్టులు. చివరిరోజు, తరగతిలో చేసిన ఓ మంచి ప్రయత్నం చెప్పమన్నారు. బస్సు అందుకోవాలన్న తొందరలో ప్రసన్నకుమారి తన ఎన్నిక సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసి కూర్చుంది. హాలు మెచ్చుకుంది. శిక్షణ ఇచ్చే ఆయన లేచి, "చుట్టుపక్కల స్కూళ్ల కాంప్లెక్స్ మీటింగ్ వస్తోంది కదా, దానికి మీ స్కూల్లోనే మోడల్ లెసన్ పెడదాం మేడమ్. వీడియో తీసి జిల్లాకి పంపిద్దాం" అన్నాడు. ఆవిడ వద్దనేలోపే చప్పట్లు కొట్టేశారు. ఆ చప్పట్లు ఆ వారమే నేర్చుకున్నవి.

హెడ్మాస్టరు కృష్ణంరాజు గారికి ఈ వార్త పండగే. ఆయన మంచివాడే. గొడవంటే మాత్రం ఆమడ దూరం పోయే మనిషి. పేరెంట్స్ కమిటీ మీటింగులో ఆయన గొప్పగా చెప్పాడు, "మన తొమ్మిదో తరగతి లీడర్ ఎన్నిక వీడియో జిల్లా అంతా చూస్తుందండి" అని. కమిటీ ఛైర్మన్ గణేష్‌బాబు ఆ మాట శ్రద్ధగా విన్నాడు. ఆయన చేపల చెరువులు లీజుకి చేస్తాడు. ఊళ్లో పెద్దమనిషి. ఆయన కొడుకు హర్ష తొమ్మిదిలోనే ఉన్నాడు.

అప్పటిదాకా లీడర్ అంటే బోర్డు తుడిచే పని, డస్టరు దులిపే పని. ఒక్క మాటతో అది పదవి అయి కూర్చుంది.

నామినేషన్లు ముగ్గురు వేశారు. హర్ష గుర్తు బ్యాట్. ఆటో డ్రైవర్ కొడుకు సూర్యతేజ గుర్తు ఆటో. మూడో నామినేషన్ రూబీది. రూబీ వాళ్ల అమ్మ పాపాయి స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇల్లు పేటలో, చర్చి వెనక. క్లాసులో అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల. అందుకే ఆ నామినేషన్ చూసి మేడమే ఆశ్చర్యపోయింది.

"గుర్తేం కావాలే?" అనడిగింది.

"బిందె అండి."

బిందె ఎందుకో ప్రచారం రోజున తెలిసింది. హర్ష కాగితం చూసి చదివాడు, క్రమశిక్షణ, స్వచ్ఛత అని. సూర్యతేజ నవ్వించి దిగిపోయాడు. రూబీ చేతులు కట్టుకుని నిలబడి మొదలుపెట్టింది. "మన ఆడపిల్లల బాత్రూంలో కుళాయి ఉందండి, నీళ్లు లేవు. బోరింగు దగ్గర్నుంచి బిందెతో మోసుకుంటున్నాం. మోయలేక చాలామంది పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీళ్లే తాగట్లేదు. ఫొటోలో మాత్రం మన బాత్రూం తడిగా ఉంటుంది. నేను లీడరైతే పైపు బాగుచేయించేదాకా రోజూ సార్ రూమ్‌కెళ్లి అడుగుతా. తిట్టినా వెళ్తా." ఆడపిల్లలు బల్లలు చరిచారు. మగపిల్లలు కూడా చరిచారు.

ఆ ఫొటో రోజూ తీసేది ప్రసన్నకుమారే. ఆవిడకి సిగ్గేసింది. సిగ్గుతోపాటే చాలా ఏళ్లుగా తెలియని సంతోషం కూడా వేసింది. ఇంటికెళ్లి భర్త విజయ్ పాల్‌తో ఆ సాయంత్రమంతా రూబీ మాటలే. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. "నీ మొహం చూసి ఎన్నాళ్లయ్యిందే ఇలా" అన్నాడు.

మోడల్ లెసన్‌కి ముందురోజు ఆవిడ క్లాసులో అడుగుపెట్టేసరికి పిల్లలంతా లేచి నిలబడ్డారు. టేబుల్ మీద బంతిపూల దండ ఉంది. హర్ష బొట్టు పెట్టుకుని, కొత్త చొక్కా వేసుకుని నవ్వుతున్నాడు.

"మేడమ్, మన క్లాసు ఏకగ్రీవం అండి!" అని ముందు బెంచీ భవ్య అరిచింది. అందరూ చప్పట్లు.

టేబుల్ మీద దండ పక్కన రెండు కాగితాలున్నాయి. సూర్యతేజది ఒకటి, రూబీది ఒకటి. స్వచ్ఛందంగా నామినేషన్ ఉపసంహరించుకుంటున్నామని పొందిగ్గా రాసిచ్చారు. పిల్లలు ఆవిడ మొహంలోకి ఆశగా చూస్తున్నారు. శభాష్ అంటుందని.

వాళ్ల తప్పు లేదు. చినగరువులో ఏ ఎన్నికొచ్చినా జరిగేది ఇదే. పెద్దలు రైసు మిల్లులో కూర్చుంటారు, ఒక పేరు అనుకుంటారు, మిగతావాళ్లు విత్‌డ్రా అయిపోతారు. నెగ్గినాయన గుడికి ముఖద్వారం కట్టిస్తాడు, చర్చికి మైకు సెట్టు ఇప్పిస్తాడు, ఊరంతటికీ భోజనాలు పెడతాడు. టపాకాయలు కాలుస్తారు. ఏకగ్రీవమైన ఊరికి ప్రభుత్వం కూడా బహుమానం ఇస్తుంది. కాబట్టి పిల్లల దృష్టిలో పోలింగ్ జరిగిందంటే ఊరు చెడిపోయినట్టు. ఏకగ్రీవమైందంటే మంచి ఊరు. మేడమ్ గారి వీడియోలో తమ క్లాసు మంచి క్లాసులా కనపడాలని వాళ్ల తాపత్రయం.

"గణేష్‌బాబు గారు క్లాసుకి క్రికెట్ కిట్ ఇస్తున్నారండి" అన్నాడు సూర్యతేజ. "ఆడపిల్లలకి షటిల్ బ్యాట్లు కూడా అండి. రేపు అందరికీ బిర్యానీ." చెప్పేటప్పుడు వాడి గొంతులో అంత ఉత్సాహమేమీ లేదు.

"రూబీ, నువ్వు నీ ఇష్టంతోనే ఇచ్చావా?"

"ఇష్టంతోనే అండి" అంది రూబీ. నేల చూసి కాదు, ఆవిడ కళ్లలోకి చూసే అంది. అదే ఆవిడకి ఎక్కువ బాధేసింది.

కృష్ణంరాజు గారు గుమ్మంలోంచే పొంగిపోయారు. "చూశారా మేడమ్, ఎంత క్రమశిక్షణో! రేపు వచ్చినవాళ్ల ముందు ఏ రభసా లేకుండా అయిపోతుంది. ఆ బాత్రూం గొడవా ఉండదు." చివరి మాట నోరు జారింది. ఆయనే గబుక్కున వెళ్లిపోయారు.

ఆవిడ వంటగదికి వెళ్లింది. పాపాయి అన్నం వార్చిన గిన్నెలు కడుగుతోంది. మేడమ్‌ని చూసి చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది.

"రూబీ చేత ఎవరు రాయించారు పాపాయీ?"

"నేనేనండి."

"గణేష్‌బాబు గారు ఏమన్నా అన్నారా?"

"లేదండి. ఆయన పాపం ఎదురొస్తే, 'ఏం పాపాయీ, బాగున్నావా, మీ అమ్మాయి బాగా మాట్లాడుతోందంట' అన్నారు. అంతేనండి."

"అంతేనా?"

"ఆయ్. అంతకంటే అనాల్సిన పనేముందండి? వంట ఏజెన్సీ కమిటీ చేతిలో ఉంది. ఛైర్మన్ గారి బాబు మీద వంటమనిషి కూతురు నిలబడితే, రేపు అన్నంలో మెరిక గింజ దొరికినా లెక్క చూసి నన్ను పంపించేత్తారు. ఈ పొయ్యే నాకు ఆధారమండి. మీరు మంచికే చెప్పారు, కాదనను. మా పిల్లకి మాత్రం ఇంకేమీ చెప్పకండి మేడమ్ గారూ."

ఎవరూ ఏమీ అనలేదు. తగువు పెట్టుకుందామంటే మనిషి లేడు. ఫిర్యాదు చేద్దామంటే తప్పు లేదు. ప్రసన్నకుమారి తిరిగి వచ్చి స్టాఫ్ రూమ్‌లో కూలబడింది. 

ఆ సాయంత్రం విజయ్ పాల్ కాఫీ కలిపి తెచ్చి, "దండ వేయించి, నాలుగు మాటలు చెప్పి ముగించెయ్. నీకెందుకింత ఆయాసం?" అన్నాడు. ఆయన అన్నది ప్రేమతోనే. ఆయన జీవితమంతా పై ఇంజనీర్లకీ కింది రైతులకీ మధ్య నోరు మూసుకుని నెగ్గుకొచ్చిన మనిషి.

"ముగించేస్తే నాకు హాయేనండి" అంది ఆవిడ. "పొద్దున్నే ఆ పిల్లలు అంతమందీ నన్ను చూసి చప్పట్లు కొట్టారు, నేను నేర్పింది ఇదే అన్నట్టు. పుస్తకంలో స్వేచ్ఛగా నిర్భయంగా ఓటెయ్యాలని చదివిస్తాను కదా. ఒక్కసారైనా నిర్భయంగా ఒక గీత పెట్టకుండా వాళ్లు నా చేతిలోంచి వెళ్లిపోతే ఇన్నాళ్లూ నేను చేసిందేంటి?"

విజయ్ పాల్ ఖాళీ గ్లాసు పట్టుకెళ్లాడు.

మర్నాడు పొద్దున్న స్కూటీ మీద వస్తూ వస్తూ దారిలో ఆవిడకి ఆలోచన తట్టింది. తట్టినప్పుడు ఎంత తేలిగ్గా అనిపించిందంటే, ముందే ఎందుకు తోచలేదా అని తనని తానే తిట్టుకుంది. పాపాయి అడిగిన మాటా తప్పినట్టు కాదు. రూబీని మళ్లీ నిలబెట్టక్కర్లేదు. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు.

మొదటి పీరియడ్‌లో పిల్లలకి చెప్పింది. "అభ్యర్థి ఒక్కడే. సరే. అయినా పోలింగ్ ఉంటుంది. చీటీలో పైన హర్ష పేరు, కింద నోటా. అంటే పై వాళ్లెవరూ నాకు ఇష్టం లేదు అని. మధ్యాహ్నం ఒక్కొక్కరే చాటుకెళ్లి మీకు ఇష్టమైన దగ్గర గీత పెట్టండి. నోటాకి ఎక్కువొస్తే మళ్లీ నామినేషన్లు పిలుస్తాను. ఎవరు దేనికి వేశారో దేవుడికి తప్ప నాక్కూడా తెలీదు."

క్లాసులో గుసగుసలు లేచాయి. హర్ష మొహం మాడ్చుకున్నాడు. రూబీ తల వంచుకుని పెన్ను మూత తిప్పుతూ కూర్చుంది.

కృష్ణంరాజు గారు పరిగెత్తుకొచ్చారు. "ఏకగ్రీవం అయ్యాక పోలింగ్ ఎక్కడైనా ఉంటుందా మేడమ్?"

"ఊళ్లో ఉండదండి. నా క్లాసులో ఉంటుంది."

"గణేష్‌బాబు గారు ఏమనుకుంటారో."

"వాళ్ల బాబే నెగ్గుతాడేమో సార్. నిజంగా నెగ్గితే ఆయనకి మాత్రం ఆనందం కాదా?"

ఆయన నుదురు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. ఉద్యోగంలో చేరాక హెడ్మాస్టరుకి ఆవిడ అలా ఎదురు మాట్లాడడం అదే మొదలు. అలా మాట్లాడడం ఆవిడకి బాగుంది.

మధ్యాహ్నం బిర్యానీ వచ్చింది. పిల్లలంతా వరండాలో గుంపులు గుంపులుగా కూర్చుని తింటున్నారు. ప్రసన్నకుమారి కిటికీలోంచి చూస్తూ నిలబడింది. రూబీ కంచం పట్టుకుని ఒక గుంపు దగ్గర కూర్చుంది, ఏదో చెప్పింది, లేచింది. ఇంకో గుంపు దగ్గర కూర్చుంది. మగపిల్లల వైపు కూడా వెళ్లింది. సూర్యతేజతో చాలాసేపు మాట్లాడింది. వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు, ఆ పిల్ల వదలడం లేదు. కంచంలో అన్నం అలాగే ఉంది.

ప్రచారం చేస్తోంది, అనుకుంది ఆవిడ. కళ్లలో నీళ్లు తిరిగాయి. తన ముందు నోరు విప్పడానికి భయపడ్డ పిల్ల, ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడడం లేదనుకుని ఓట్లడుగుతోంది. నోటాకి వెయ్యమంటోంది. ఈ ఉద్యోగంలో తను పడ్డ అలసటంతా ఈ ఒక్క దృశ్యానికి సరిపోయిందనిపించింది. స్టాఫ్ రూమ్ కుర్చీలో కూర్చుని ముక్కు చీదుకుని, మొహం కడుక్కుని వచ్చింది.

రెండింటికి చుట్టుపక్కల స్కూళ్ల సోషల్ టీచర్లు వచ్చారు. రాజమండ్రిలో శిక్షణ ఇచ్చినాయన వచ్చాడు. వెనక కుర్చీల్లో గణేష్‌బాబు కూడా కూర్చున్నాడు, అందరికీ నమస్కారాలు పెడుతూ. వీడియో మొదలైంది. ప్రసన్నకుమారి పాఠం బాగా చెప్పింది. ఆ మాట ఒప్పుకోవాలి. ఓటంటే ఏంటి, రహస్యం ఎందుకు, ఒక్కడే అభ్యర్థి ఉంటే జనం మాట ఎలా వినపడుతుంది అని పిల్లల చేతే చెప్పించింది. మూలన పాత చీర కట్టి చాటు చేసింది. పిల్లలు ఒక్కొక్కరే వెళ్లి, గీత పెట్టి, చీటీ మడిచి డబ్బాలో వేసి, వేలికి సిరా పూయించుకుని వచ్చారు. ఆవిడ వాళ్ల మొహాలు చూసింది. ఈసారి ఏమీ తెలియలేదు.

లెక్క భవ్య చేత బోర్డు మీద వేయించింది. మొదటి చీటీ హర్షకి. రెండోదీ హర్షకే. మూడోదీ. బోర్డు మీద ఒకవైపే గీతలు నిండుతున్నాయి. ప్రసన్నకుమారి ఇంకోటి విప్పింది. ఇంకోటి. డబ్బా ఖాళీ అయింది. అన్నీ హర్షకే. నోటా వైపు ఒక్క గీత లేదు. చాటున, ఎవరూ చూడనిచోట, ఒక్కరంటే ఒక్కరు కూడా.

గది మారుమోగిపోయింది. గణేష్‌బాబు లేచి కొడుకు మెడలో దండ వేశాడు. "పోలింగ్ పెట్టి మంచిపని చేశారు మేడమ్. ఇప్పుడింక ఎవరూ వేలెత్తి చూపించలేరు" అన్నాడు. రాజమండ్రి ఆయన మరీ పొంగిపోయి, ఏకగ్రీవాన్ని ఓటుతో నిర్ధారించడం కొత్త ఆలోచన అన్నాడు. వచ్చే శిక్షణలో మీరే రిసోర్స్ పర్సన్‌గా ఉండాలని చెయ్యి కలిపాడు. కృష్ణంరాజు గారు కండువా కప్పారు. ఫొటో తీశారు. ఆవిడ నవ్వింది కూడా. అలవాటే కదా.

అందరూ వెళ్లిపోయాక ఖాళీ క్లాసులో కూర్చుంది. మూలన చాటుకి కట్టిన చీర ఇంకా అలాగే ఉంది. రూబీ వచ్చింది. బెంచీ ఎక్కి ముడులు విప్పి, చీర దించి మడత పెట్టసాగింది.

"కోపమొచ్చిందా మేడమ్?"

"ఎవరి మీదే?"

"నా మీదండి."

ప్రసన్నకుమారి తల ఎత్తింది. "నీ మీదెందుకు? మధ్యాహ్నం అన్నాల దగ్గర నువ్వు తిరగడం చూశాను. నువ్వు చెప్పావు. వాళ్లే వినలేదు."

రూబీ చీర మడత ఆపేసింది.

"విన్నారండి" అంది. "అందరూ విన్నారు. నోటాకి ఒక్క ఓటు పడినా అది నాదే అంటారు కదండీ. నేను వెయ్యకపోయినా నాదే అంటారు. మా అమ్మకి వంట పోద్ది. అందుకే అందరి దగ్గరికీ వెళ్లి అడిగానండి, హర్షకే వెయ్యండి, ఒక్కటి కూడా అటు పడకూడదు అని. సూర్యతేజ ఒప్పుకోలేదు. నేను నోటాకే వేస్తానన్నాడు. వాడికి మా అమ్మ సంగతి చెప్పానండి. ఏడ్చాడు. అప్పుడు సరేనన్నాడు."

పొద్దున్న దారిలో అంత తేలిగ్గా తట్టిన ఆలోచన ఆ పిల్ల మీద ఏ బరువు పెట్టిందో ప్రసన్నకుమారికి ఇప్పుడు అర్థమైంది. ఎవరి పేరూ ఎత్తలేదనుకుంది తను. చీటీ మీద నోటా అని రాసి రూబీ పేరే రాసింది. బోర్డు మీద భవ్య వేసిన గీతలు ఇంకా తుడవలేదు. ఆవిడ వాటి వైపు చూసింది. ప్రతి గీతా ఈ పిల్ల అడిగి తెచ్చిందే. తిన్న బిర్యానీ చెయ్యి కడిగేలోగా మర్చిపోయే పిల్లలు, క్రికెట్ కిట్ కోసం కొట్టుకునే పిల్లలు, ఒక్కరు కూడా మాట తప్పలేదు.

"మరి అదే నోటితో నీకు వెయ్యమని అడిగుంటే ఏమయ్యేదే?"

రూబీ ఆలోచించను కూడా లేదు. చీర మడత ఆవిడ ఒళ్లో పెట్టింది.

"గెలిచేదాన్నండి" అంది.